చేనేత శాఖలో నాలుగు నిమిషాల నిజాయితీ

నారాయణపేట చేనేత నిన్నా మొన్నా పడిపోయింది కాదు. నూలు రేటు దాన్ని కొంత కుంగదీసింది. ఎక్కడి నుంచో లారీల్లో వచ్చి దిగే చీరలు ఇంకొంత, దాన్ని నిలబెడతామని వచ్చిన పథకాలు మరికొంత కుంగదీశాయి. ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడినా మా ఊళ్లో కొన్ని మగ్గాలు మొండికేసి ఆడుతూనే ఉన్నాయి. అట్లాంటి ఒక మొండి మగ్గాన్ని నేనొక్కణ్నే, పైసా బడ్జెట్ లేకుండా, పై అధికారుల అనుమతి లేకుండా, నాలుగు నిమిషాల్లో ఆపేశాను. అందుకు నేను వాడిన పనిముట్టు నా నోరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎంత మంచిదంటే, ఊరంతా నన్ను మెచ్చుకుంది, మా ఇంట్లో మాత్రం ఆ పూట పొయ్యి వెలగలేదు. మీరు నవ్వాలనే ఇది చెబుతున్నాను కాబట్టి మొహమాటపడకండి.

నేను నేత ఇంట్లో పుట్టాను. పుట్టడమే గాని నేత నేర్చుకోలేదు. మా నాయిన మల్లేశం ఇంటి ముందు గదిలో, నేల తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని ఒక జీవితకాలంగా నేస్తున్నాడు. నా కాళ్లు మాత్రం ఆ గుంటలో పడకుండా కాపలా కాశాడు. మిగతా పిల్లల్ని తండ్రులు బావి దగ్గరికి పోనిచ్చేవారు కాదు, మా నాయిన నన్ను మగ్గం దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. సరదాకు దిగబోయినా "ఎక్కురా పైకి, సదువుకో పో" అని తరిమేవాడు. ఆయన తరిమిన తరుముకు నేను డిగ్రీ దాటి, పోటీ పరీక్ష దాటి, ఇంకెక్కడా ఆగకుండా సూటిగా చేనేత శాఖలో వచ్చి పడ్డాను. తెలంగాణ వచ్చాక ఏర్పడ్డ కొత్త జిల్లా, కొత్త బోర్డు, కిరాయి బిల్డింగు. నేతగాళ్ల బాధలు తీర్చడానికి సర్కారు ఏరికోరి, నేత రాని నేతగాడి కొడుకును పట్టుకొచ్చింది.

ఉద్యోగం రాగానే నాకు ఒక శిక్షణ, దానితోపాటు ఒక పుస్తకం ఇచ్చారు. అందులో చేనేత చీరను గుర్తుపట్టడం ఎట్లా అనే అధ్యాయాన్ని నేను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ని. ఇంట్లో మగ్గం చప్పుడుకు ఆ పుస్తకం తలకెక్కడం లేదని చెప్పి ఆఫీసు పక్కన ఒక గది కూడా కిరాయికి తీసుకున్నాను. చేనేతను అర్థం చేసుకోవడానికి మగ్గానికి దూరంగా పోయిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. ఆదివారం ఆదివారం ఇంటికి పోయి అమ్మ వండింది తిని వచ్చేవాణ్ని. మగ్గం మీద ఏ రంగు పడుగు ఉందో కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

మా ఏడీ సార్, అంటే అసిస్టెంట్ డైరెక్టర్ గారి గురించి కూడా చెప్పాలి. మా ఆఫీసుకు ఆయనే పెద్ద. సర్వీసంతా పత్రికలవాళ్లకు ఒక్క సంగతి కూడా చెప్పకుండా, ఏ ఒక్క ప్రశ్ననూ కాదనకుండా నెట్టుకొచ్చిన ఘనుడు. "మగ్గాలు తగ్గుతున్నయా సార్?" అని ఎవరైనా అడిగితే, "తగ్గుతున్నాయన్న అభిప్రాయం ఉన్నమాట వాస్తవమే, అయితే పెరగవలసిన అవసరాన్ని కూడా మేము గుర్తించాము" అనేవారు. విలేకరి శ్రద్ధగా రాసుకుని ఇంటికి పోయి చదువుకుంటే కాగితం నిండా అక్షరాలుండేవి, విషయం ఉండేది కాదు. ఆ వయసులో నాకు ఆయన పిరికివాడిగా కనిపించేవారు. ఇప్పుడు తల్చుకుంటే ఋషిలా కనిపిస్తున్నారు.

ఆయన ఒకరోజు మీటింగుకని హైదరాబాదు పోతూ ఆఫీసు నాకు అప్పజెప్పారు. పత్రికలోళ్లు వస్తే ఏం చెప్పాలని అడిగాను. "ఛాయ్ తాపి పంపు. ఛాయ్ తప్ప ఇంకోటి ఇయ్యకు. ముఖ్యంగ అభిప్రాయం అసలే ఇయ్యకు" అన్నారు. ఆయన ఎక్కిన బస్సు ఇంకా ఊరు దాటిందో లేదో, రాజు వచ్చాడు.

రాజు ఒక యూట్యూబ్ ఛానల్ రిపోర్టరు. ఆ ఛానల్‌కు యజమాని, కెమెరామన్, డ్రైవరు కూడా అతనే. చేతిలో ఒక ఫోను, ఎర్ర స్పాంజి తొడిగిన ఒక మైకు. మా ఆఫీసు నుంచి ఏదో ఆశించి వచ్చినట్టు కూడా లేడు. "నేత పరిస్థితేంది సార్, ఏదో ఒక ముక్క చెప్పుండ్రి, ఎల్లిపోత" అని ఆవులిస్తూ మైకు పెట్టాడు. ఆ ఆవులింత నాకు ఎక్కడో తగిలింది. ప్రభుత్వోద్యోగి అంటే ఇంత చులకనా అనిపించింది.

"పరిస్థితేం లేదు. పోయింది" అన్నాను.

రాజు ఆవులింత సగంలో ఆగింది. ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతోందో లేదో చూసుకున్నాడు. "మల్లొక్కసారి అనుండ్రి సార్" అన్నాడు.

మళ్లీ అన్నాను. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. పట్టు నేసిన చేతులు జడ్చర్ల కంపెనీల గేట్ల దగ్గర లారీ నంబర్లు రాసుకుంటున్నాయని అన్నాను. కావాలంటే పోయి చూసుకోండి, అక్కడ వాచ్‌మన్ పనికి మనుషులు కావాలని రోజూ అడుగుతూనే ఉంటారని కూడా చెప్పాను. మా శాఖ ఏం చేస్తోందయ్యా అంటే చేనేతను కాపాడండని ఫ్లెక్సీలు కట్టిస్తోంది, ఆ ఫ్లెక్సీ కూడా మిషన్ మీద అచ్చయిందేనన్నాను. ఆ ముక్కకు నాకు నేనే నవ్వుకున్నాను. ఈ ఊరి పేరు చెప్పి అమ్మే చీరల్లో ఎన్నో ఈ ఊరి మొహమే చూడలేదన్నాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదని ఇప్పటికీ అంటాను. నిజం నిప్పులాంటిదంటారు గదా. ఎదుటివాడి కొంపకు అంటిస్తున్నంతసేపు ఆ వెలుగు చాలా బాగుంటుంది.

"గిట్ల మాట్లాడే ఆఫీసర్‌ను నా సర్వీసుల సూడలే సార్" అన్నాడు రాజు. అతని సర్వీసు ఎంతని నేను అడగలేదు. పొగడ్తకు లెక్కలు అడిగేవాడు మూర్ఖుడు. అతను ఇంకో మాట కూడా అన్నాడు, జర విజువల్స్ కావాలని, ఏదన్నా దుకాణంలో దొంగ చీరను చేతపట్టి చూపిస్తే జనం ఎగబడి చూస్తారని. నన్ను రెండోసారి పిలవాల్సిన అవసరం రాలేదు. అతనికంటే ముందు నేనే మెట్లు దిగాను.

బజారులో దుకాణాలు చాలానే ఉన్నా నేను సూటిగా నాగప్ప సేటు దుకాణానికి పోయాను. మా నాయిన తన చీరలు వేసేది ఆయనకే. అది నాకు తెలుసు. తెలిసే పోయాను. తెలిసినవాళ్లను కూడా వదలని అధికారి అని అనిపించుకోవాలని నా కోరిక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు అంత ఓపిక లేదు, రచ్చతోనే మొదలుపెట్టాను.

సేటు మర్యాదగా లేచి నిలబడ్డాడు. నేను కూర్చోలేదు. ఎడమవైపు దొంతరలోంచి ఒక చీర లాగి అంచు తిప్పి చూశాను. అంచు పొడవునా సన్నని సూది బొక్కలు. నా పుస్తకం గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. నేసేటప్పుడు బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా రెండు చివర్లా సూదులున్న బద్దను అంచులకు గుచ్చి పెడతారు. ఆ సూదుల జాడ ఉంటే చేనేత, లేకపోతే మిషన్. మొదటి పాయింటు అదే. "ప్రేక్షకులారా, ఈ బొక్కలు చూడండి. ఇవి మన నేతన్న చేతి సంతకాలు" అని ఆ చీరను కెమెరాకు చూపించి గుండెకు హత్తుకున్నాను. సేటు ఏదో అనబోయి, ఏమనుకున్నాడో ఏమో, పెదవులు బిగించుకున్నాడు.

తర్వాత కుడివైపు దొంతరలోంచి ఒకటి లాగాను. మెరూన్ ఒంటికి ఆకుపచ్చ అంచు. అంచు తిప్పితే ఒక్క బొక్క లేదు. గళ్లు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. దొంగ దొరికాడు.

"సారూ, జర ఇనుండ్రి" అన్నాడు సేటు. "గా చీర మీ ఇంటి..."

"మీ ఇల్లూ మా ఇల్లూ అని చుట్టరికాలు కలపొద్దు సేటూ."

"చుట్టరికం గాదు సారూ. గది నేసినాయన..."

"నేసినాయన ఎవడూ లేడు. నేసింది మిషన్."

"సారూ, ఒక్క మాట. కెమెరా బంద్ చేయమనుండ్రి, మీకొక్కరికే జెప్త."

నేను విజయగర్వంతో కెమెరా వైపు తిరిగాను. "విన్నారు గదా. కెమెరా ఆపాలట."

సేటు మూడుసార్లు ప్రయత్నించాడు, అది ఆయన ధర్మం. నాలుగోసారి ప్రయత్నించలేదు, అది ఆయన తెలివి. మెల్లగా పరుపు మీద కూర్చుని, "సరె సారూ, పెద్ద సదువు సదివినోళ్లు, మీరే జెప్పుండ్రి" అన్నాడు. నేను చెప్పాను. ఆ చీరను రెండు చేతులా పైకెత్తి, "ఒక్క పోగు అటూ ఇటూ పోలేదు చూడండి. మనిషన్నవాడెవడూ చేత్తో ఇంత సాఫుగా నేయలేడు. నేసేవాడు ఈ ఊళ్లో ఉన్నాడని చూపిస్తే నా ఉద్యోగానికి రాజీనామా చేస్తా" అన్నాను. నాలుగు నిమిషాల వీడియోలో అది ఆఖరి మాట. రాజు ఆ మాట దగ్గర డప్పుల చప్పుడు కూడా కలిపాడని తర్వాత తెలిసింది.

సాయంత్రానికి నా ఫోను కాలిపోయేట్టు మోగింది. కడిగిపారేసిన ఆఫీసర్ అని వీడియోకు పేరు పెట్టాడు రాజు. మక్తల్ నుంచి ఎవరో చేసి ఆఫీసరంటే మీరే సార్ అన్నారు. నాతో ఎన్నడూ మాట్లాడని కాలేజీ స్నేహితులు కూడా మాట్లాడారు. ఆ రోజు ఆదివారం కాకపోయినా తల దువ్వుకుని స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాను. నేతగాడి బాధను లోకానికి చాటిన కొడుకును చూసి మా నాయిన ఏమంటాడో దారంతా ఊహించుకున్నాను. కళ్లు తుడుచుకుంటాడని ఒకసారి, భుజం తడతాడని ఇంకోసారి.

ఇంట్లో మగ్గం ఆగి ఉంది. మంచం మీద ఒక తెల్లగుడ్డ మూట విప్పి ఉంది, అందులో మడతపెట్టిన చీరలున్నాయి. అన్నీ మెరూన్ ఒంటివే. అన్నిటికీ ఆకుపచ్చ అంచే. పోటీ పరీక్షలో రాష్ట్రంలో చాలామందిని దాటిన నా బుర్ర ఆ మూట ముందు చాలాసేపు కదల్లేదు.

మా దగ్గర చీరలు ఒక్కొక్కటిగా పుట్టవు. ఒకసారి పడుగు ఎక్కిస్తే దాని మీద ఎనిమిది చీరలు దిగుతాయి. ఎనిమిదీ ఒక్క కడుపున పుట్టిన పిల్లలు. ఒకదాని పేరు చెడితే ఎనిమిదింటి పేరూ చెడుతుంది, కొనేవాడు ఎనిమిదింటినీ తోసేస్తాడు. ఆ రెండు నెలల పని అంతా ఇప్పుడు మా మంచం మీద ఉంది.

"ఏడు చీరలు దుకాన్లనే ఉండె" అన్నాడు నాయిన. "ఎనిమిదోది నీ చేతిల, టీవీల ఉండె. సేటు అన్ని మలిపి పంపిండు. మల్లేశా, నీ కొడుకే, సర్కారు ఆఫీసరే మిషన్‌దని జెప్పినంక నేనెట్ల అమ్మాలె అన్నడు. ఆయినను ఏమంటం. నిజమే గదా."

"కని నాయినా, అంచుకు సూది బొక్కలు లేవు గదా" అన్నాను. ఆ పరిస్థితిలో కూడా నేను పుస్తకాన్నే పట్టుకుని వేలాడుతున్నానని గమనించగలరు.

అంతవరకు గోడవైపు తిరిగి కూర్చున్న మా అమ్మ లేచి వచ్చింది. రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. బొటనవేళ్ల చివర్లు కాయలు కాసి నల్లబడ్డాయి. "గా బొక్కలు గీ వేళ్ల కింద పోయినయి బిడ్డ" అంది.

అప్పుడు తెలిసింది నాకు. నాయిన జానెడు నేయగానే ఆ సూదుల బద్దను జరుపుతాడు. జరిపిన చోట అమ్మ తడిగుడ్డతో అంచును అద్ది, గవ్వతో రుద్ది రుద్ది పోగులను దగ్గరికి తెస్తుంది. బొక్క మాసిపోతుంది. జానెడు జానెడుకూ, ఎనిమిది చీరల పొడవునా, రెండు అంచులకూ ఇదే పని. కట్టుకునే మనిషికి అంచు గుచ్చుకోవద్దని మా తాత కాలం నుంచి మా ఇంట్లో మాత్రమే చేసే పని ఇది. నేను ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాను. అమ్మ మగ్గం పక్కన కూర్చుని ఏదో రుద్దుతూ ఉండటం వేలసార్లు చూశాను. ఏం రుద్దుతున్నావని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే పుస్తకంలో లేని పాయింటు నాకు ఒక్కడికే తెలిసి ఉండేది.

"గీ పడుగు అమ్ముడువోతే కొత్త నూలు దెద్దమనుకున్న" అన్నాడు నాయిన నెమ్మదిగా. "ఇగ యాడిది. జడ్చర్లకే పోత. కంపెనీ గేటుకాడ మనుషులు గావాల్నంట గదా, టీవీల నువ్వే జెప్పినవ్."

కోపంగా అన్నా బాగుండేది. ఆయన నిజంగానే ఆలోచించి చెబుతున్నాడు. ఖాకీ చొక్కా తొడుక్కుని గేటు తీస్తున్న నాయిన కళ్లముందు కనబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు కాబట్టి దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. ఆ పూట ఎవరూ అన్నం మాట ఎత్తలేదు.

పొద్దున్నే నాగప్ప సేటు దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూడగానే ఛాయ్, బిస్కట్లు తెప్పించాడు. ఎడమవైపు దొంతర మొత్తం మాయమైంది. నేను గుండెకు హత్తుకున్న చీర ఉన్న దొంతర అది. ఇంత గౌరవం ఎందుకో అర్థం కాక ఆ చీరలేవని అడిగాను.

"మీ దయ సారూ" అన్నాడు సేటు. "నిన్న మాపటి నుంచి ఫోన్లు పట్టుకొని అచ్చిన్రు. గా బొక్కల చీరలే ఇయ్యమన్నరు. అవన్ని మిషన్ మాల్ సారూ. మిషన్‌కు గూడ సూదులుంటయి. మొత్తం లేసిపోయినయి."

నా నిజాయితీ ఫలితం అప్పటికి ఇదీ. దొంగ చీరలు దొరల్లా అమ్ముడుపోయాయి. దొర చీరలు మా మంచం మీద మూటలో ఉన్నాయి. చేనేతను కాపాడటానికి ఒక మనిషి ఇంతకంటే ఏం చేయగలడు. మా నాయిన చీరలు వెనక్కి తీసుకోమని బతిమాలాను. సేటు చెడ్డవాడేం కాదు. ఆ చీరల సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. కాని కొనేవాళ్లు వీడియో చూపించి కొట్లాడతారని, ఆఫీసు ముద్ర గుద్దిన కాగితం తెస్తే గోడకు కట్టి అమ్ముకుంటానని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం ఏడీ సార్ హైదరాబాదు నుంచి వచ్చారు. వీడియో అక్కడే చూశారట, మీటింగులోనే అందరూ కలిసి చూశారట. కాగితం కావాలని అడిగితే తలుపు వేయమన్నారు. "నువ్వు మీ నాయిన చీరకు సర్టిఫికెట్ ఇస్తే సొంతోళ్లకు చేసుకున్నడంటరు. ఇయ్యకపోతే సొంత తండ్రినే ముంచిండంటరు. రెండిట్ల ఏది జరిగినా మెమో రాసుడు నాకు తప్పది" అన్నారు. అందుకని ఏదీ జరగకముందే రాసిపెట్టుకున్న మెమో నాకు ఇచ్చారు. దాని నకలు ఒకటి తగు చర్య నిమిత్తం సంబంధిత అసిస్టెంటుకు పంపారు. ఆ అసిస్టెంటును నేనే కాబట్టి నా మీద తగు చర్య ఏం తీసుకోవాలో ఆలోచిస్తూ కాసేపు కూర్చున్నాను.

మీడియా వక్రీకరించిందని చెప్పుకోమని కూడా సలహా ఇచ్చారు సార్. నా మొహం, నా గొంతు, నా చెయ్యి అన్నీ వీడియోలో ఉన్నాయి గదా అన్నాను. "ఉన్నా అంటరయ్యా. మనోళ్లంత గట్లనే అంటరు" అన్నారు. రాజీనామా మాట కూడా నేనే భయపడుతూ ఎత్తాను. నోటితో చేసిన రాజీనామాను స్వీకరించే నిబంధన శాఖలో లేదని, ఆ సంగతి తెలియకుండా శపథాలు చేయొద్దని మందలించారు.

ఇక మిగిలింది రాజు. తప్పు ఒప్పుకుంటాను, ఇంకో వీడియో తీయమని అడిగాను. మాఫీ అడిగే వీడియో ఎవరూ చూడరని, అందులో విజువల్స్ ఉండవని తేల్చేశాడు. ఆలోచించి ఆలోచించి చివరికి ఒక షరతు పెట్టాడు. "మీరు మగ్గం మీద కూసుంటనంటే అస్త సార్." కూర్చుంటానన్నాను. నాయినను గేటు దగ్గర నిలబెట్టబోయిన నోరున్నవాడు గుంటలో కాళ్లు పెట్టడానికి వెనకాడకూడదు గదా.

అప్పటికి మగ్గం మీద ఇంటి వాడకానికి పెట్టుకున్న తువ్వాళ్ల పడుగు ఉంది. జీవితంలో మొదటిసారి నేను ఆ గుంటలో దిగాను. ఈసారి ఎవరూ పైకెక్కమనలేదు. కాలు ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కాను. అడ్డనూలు మోసే నాడె ఒకవైపు నుంచి బయల్దేరి రెండోవైపు చేరకుండా సూటిగా పోయి రాజు మోకాలికి తగిలింది. రెండోసారి కొడితే పోగులు పటపటా తెగిపోయాయి. అమ్మ పక్కన కూర్చుని ముడులు వేసింది. నేను తెంపడం, ఆమె కట్టడం, ఇట్లా గంట గడిచాక మూడు వేళ్ల వెడల్పు బట్ట తయారైంది. దాని అంచు వానలో తడిసిన అప్పడంలా ఉంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పగలను, దాన్ని చూసి మిషన్ చేసిందని ఎవరూ పొరబడరు.

తర్వాత నాయిన దిగాడు. జానెడు నేశాడు, బద్ద జరిపాడు. అమ్మ తడిగుడ్డ అద్ది గవ్వతో రుద్దింది. కెమెరా చూస్తుండగానే బొక్కలు మాసిపోయాయి. నేను కెమెరా ముందు నిలబడి, నేతగాడి కొడుకునని, నాకు నేత రాదని, మా నాయిన చీరను మిషన్ చీరన్నానని, మిషన్ చీరను చేనేత అన్నానని చెప్పాను. ఈసారి నిజం చెబుతుంటే ఏ వెలుగూ కనబడలేదు, చెవులు మాత్రం కాలాయి.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. రాజు మోకాలు రుద్దుకుంటూ మైకును నాయిన ముందు పెట్టాడు. ఊళ్లో నేత ఎందుకు పడిపోయిందో మీరు చెప్పండన్నాడు. నాయిన చేతిలోని నాడెను బట్ట మీద పెట్టాడు.

"మాకేం దెలుసు బిడ్డ, సదువు రానోళ్లం" అన్నాడు. "మగ్గం ఎక్కితే ఖరాబైతడని కొడుకును సదివిచ్చిన. సదివి ఆఫీసరైండు. ఆఫీసరై ఇంట్ల చీరను గుర్తువట్టలే. నేనొక్కణ్నే గాదు, ఊరంత గిదే జేసింది. ఇంకెందుకు పడిపోయిందని అడుగుతవేంది?"

నా నాలుగు నిమిషాల ప్రసంగం ఈ నాలుగు ముక్కల ముందు ఎంత వెలవెలబోయిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ వీడియో బయటికి రాగానే ఏడీ సార్ ఫోన్ చేసి, మీ నాయిన మాట్లాడింది శాఖ అభిప్రాయం కాదని ఒక కాగితం రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నాయిన సంతకం కూడా పెట్టించమన్నారు. నాయిన పెట్టలేదు.

మూడో రోజు నాగప్ప సేటే మా ఇంటికి వచ్చాడు. మంచం మీది మూటను మళ్లీ తానే కట్టాడు. ఆఫీసర్ గుర్తుపట్టలేని చీర కావాలని గిరాకీ వచ్చిందట, ఒకరు కాదు, చాలామంది అడుగుతున్నారట. ఎనిమిదీ తీసుకున్నాడు. మళ్లీ పడుగు ఎక్కించమని నాయినకు చెప్పి, గుమ్మం దాటుతూ నావైపు తిరిగాడు. "ఈసారి చీరలు దిగినప్పుడు గూడ జర అచ్చి మిషన్‌వని తిట్టిపోండ్రి సారూ. మీరు ఏమన్నా మాల్ లేసిపోతది, మీ నోటికి బర్కత్ ఉంది" అన్నాడు. ఇది మెమోకు జవాబులో పెట్టుకోదగ్గ ప్రశంస అవునో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాయిన జడ్చర్ల పోలేదు. కొత్త నూలు వచ్చింది. ఇంటికి చుట్టాలు వస్తే ఆయన వీడియో పెట్టించి చూపిస్తాడు. రెండోది కాదు, మొదటిది. మనిషన్నవాడెవడూ ఇంత సాఫుగా నేయలేడని నేను చీర పైకెత్తి అరిచే చోట ఆపి, మళ్లీ పెట్టమంటాడు. ఇన్నేళ్ల నేతలో ఆయనకు ఏ సర్కారూ ఒక్క సన్మాన పత్రం ఇవ్వలేదు. ఈ ఒక్కటి నా మూర్ఖత్వం వల్ల దక్కింది. ఆ చోట చుట్టాలందరూ నవ్వుతారు, నేను మాత్రం వాళ్లకు నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి పోతాను.

అందుకని ఒక ఆదివారం పొద్దున తలస్నానం చేసి, మగ్గం మీద కుడి చెయ్యి పెట్టి, అమ్మానాయినల ఎదుట ప్రతిజ్ఞ చేశాను. నా సర్వీసు ఉన్నంతకాలం, ఆ తర్వాత పింఛను తీసుకున్నంతకాలం, మైకు ఎర్రదైనా నల్లదైనా దాని ముందు ఏ చీర అంచూ తిప్పను. తిప్పినా చూడను. చూసినా నోరు విప్పను. ఈ మాట తప్పితే వచ్చే జన్మలో మళ్లీ చేనేత శాఖలోనే పుడతానని గంభీరంగా ముగించాను.

నాయిన అంతా విన్నాడు. లేచి లోపలికి పోయి ఒక నీలం చీర తెచ్చి నా ఒళ్లో వేశాడు. "గవన్ని సరె గని, గిది చేతిదా, మిషన్‌దా, జెప్పు."

అంచు తిప్పాను. వెలుగుకు పట్టి చూశాను. గోటితో గీకాను. దొంగచాటుగా అమ్మ మొహం చూశాను, అక్కడ కూడా ఏ జవాబూ లేదు.

"ముందు ఎవరు నేసిన్రో జెప్పు నాయినా. అటెంక నా అభిప్రాయం జెప్త" అన్నాను.

నాయిన చీర తీసుకుని మడత పెట్టాడు. "గిప్పుడైనవ్ రా పక్కా ఆఫీసర్‌వి" అన్నాడు.